నాన్నమ్మ ద్రాక్ష వరస

నా చిన్నప్పుడు మా ఇంటికి నాలుగు వైపులా ద్రాక్షతోటే ఉండేది. కాలిఫోర్నియాలో, ఫ్రెస్నోకి కాస్త దూరంలో, మ్యాపులో వేలు పెట్టి వెతికితే వేలి కిందే దాక్కునేంత చిన్న ఊరు. నాన్న అక్కడి క్లినిక్‌లో డాక్టరు. పెద్ద ఊళ్ళలో డాక్టర్లకి కొదవలేదు, ఇలాంటి ఊళ్ళకి ఎవరూ రారు కాబట్టి, కొన్నేళ్ళు ఇక్కడ పనిచేస్తేనే వీసా అన్నారట. సరేనని వచ్చాడు. ఆ కొన్నేళ్ళూ గడిచాక కూడా కదల్లేదు. ఇల్లు కొంటే ఇంటితో పాటు ఐదెకరాల ద్రాక్ష తీగలు కూడా వచ్చాయి. ద్రాక్ష గురించి మా ఇంటిల్లిపాదికీ తెలిసింది తినడం ఒక్కటే. అందుకని తోట పనంతా పక్క తోట సర్దార్జీ అంకుల్ చూసేవారు.

అక్కడి ఎండ గురించి చెబితే మా పిల్లలు నన్ను నమ్మరు. కోడి గుడ్డు పెట్టి, లేచి వెనక్కి తిరిగి చూసుకునేసరికి అది ఆమ్లెట్ అయి ఉండేదని చెబుతాను. మాకసలు కోళ్ళే లేవన్న సంగతి వాళ్ళకి ఇంకా తెలియదు. అయినా ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. ఎండ సంగతి వదిలేయండి.

మా ఊళ్ళో ద్రాక్షను ఎండబెట్టడానికే పండిస్తారు. ఆగస్టు చివర్లో కోతవాళ్ళు దిగుతారు. చిన్న వంకీ కత్తులతో గుత్తులు కోసి, వరసల మధ్య నేల చదును చేసి పరిచిన కాగితాల మీద ఆరబోస్తారు. రెండు మూడు వారాల్లో ఆకుపచ్చ గుత్తులు ముడుచుకుపోయి గోధుమరంగుకి తిరుగుతాయి. ఊరు ఊరంతా బెల్లం పాకం పొయ్యి మీద మరిచిపోయిన వాసన వేస్తుంది. ఆ రోజుల్లో అక్కడ ఎవరూ చుట్టాలని పిలవరు. ఎవరిని పలకరించినా నీ మొహం చూడకుండా ఆకాశం చూస్తూ జవాబు చెబుతారు. వాన పడిందంటే కాగితాల మీద ఉన్న ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది మరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటికి కాకినాడ నుంచి నాన్నమ్మ వచ్చింది. తోడుగా ఆవిడ తమ్ముడు, మా చినతాతయ్య.

నాన్నమ్మ మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. దానికో కథ ఉంది. అమ్మది వేరే కులం. నాన్న ఇంట్లో చెప్పకుండా రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకుని, ఆ తర్వాత చెప్పాడు. ఆ రోజు నాన్నమ్మ నడింట్లో నిలబడి, చుట్టపక్కాలందరూ చూస్తుండగా, "ఆ పిల్ల చేతి అన్నం నా నోట పెట్టను" అందట. ఆవిడ ఒకసారి అన్నదంటే అన్నదే అని ఊళ్ళో పేరు. వీధిలో తగువులొస్తే ఆవిడ అన్న మాటని సాక్ష్యంగా పట్టుకుని వెళ్ళేవారట. అలాంటి మనిషి అన్న మాట అది. నేను పుట్టాను, పెరిగాను, పన్నెండేళ్ళ దాన్నయ్యాను. ఆ మాట మాత్రం అలాగే ఉంది. చినతాతయ్య ఏం చెప్పి విమానం ఎక్కించాడో తెలియదు.

వాళ్ళు రావడానికి వారం ముందు అమ్మ బట్టలుతికే గదిని ఖాళీ చేసి కడిగింది. కొత్త గిన్నెలు, కొత్త గరిటె, ఒక చిన్న కరెంటు పొయ్యి తెచ్చి అక్కడ అమర్చింది. అత్తగారి వంట అత్తగారు వండుకోవడానికి కోడలు తన చేతులతో వేరే వంటిల్లు కట్టి పెట్టడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కొత్త పొయ్యి వచ్చిందన్న సరదా తప్ప నాకేం తెలియలేదు. గిన్నెలు తుడుస్తూ అమ్మ నాన్నతో అంది: "నాకు చీరలూ వద్దు, నగలూ వద్దు. ఆవిడ వెళ్ళేలోగా ఒక్క ముద్ద, నా చేతిది, తింటే చాలు." నాన్న చేతిలో ఉన్న గుడ్డని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

నాన్నమ్మ సన్నగా, పొడుగ్గా, గాలికి వంగని వెదురుబొంగులా ఉండేది. కోపిష్టి మనిషేమీ కాదు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, నేను ఒళ్ళో పట్టని వయసు దాన్నని ఇద్దరం తెలుసుకుని నవ్వుకున్నాం కూడా. కానీ అమ్మతో నేరుగా మాట్లాడేది కాదు. ఇద్దరూ రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నా మధ్యలో నన్ను పెట్టుకునేది. "మీ అమ్మని అడుగు, మెంతులు ఎక్కడున్నాయో." అమ్మ మెంతుల డబ్బా తీసి నాకిచ్చేది. నేను ఒక అడుగు వేసి నాన్నమ్మకిచ్చేదాన్ని. పళ్ళకీ పాలకీ ఆవిడకి పట్టింపు లేదు. అమ్మ ఇస్తే తీసుకునేది. నిప్పు మీద ఉడికినది మాత్రం తన గదిలో, తన గిన్నెలో, మడి చీర కట్టుకుని తనే వండుకోవాలి. ఆవిడ పోపు వేసినప్పుడల్లా ఆ చిన్న గదిలో పొగ నిండి అలారం మోగేది. చినతాతయ్య వెంటనే చేతులు జోడించి, "మహానైవేద్యం వేళయిందర్రా, శంఖం ఊదారు" అనేవాడు.

"నోర్మూసుకోరా" అనేది నాన్నమ్మ లోపలి నుంచి.

"మూసుకుంటే తినేదెలా అక్కయ్యా? ఇక్కడ అమ్మాయి గుత్తి వంకాయ కూర చేసింది. వాసన నీ దాకా వస్తోందా, తలుపు ఇంకాస్త తియ్యనా?"

తలుపు ఠపీమని మూసుకునేది. కానీ ఒకటి రెండుసార్లు అది మూసుకోవడానికి కొంచెం ఆలస్యమైందని నాకు గుర్తు.

చినతాతయ్య ఏ మాటా ఇచ్చుకోలేదు కాబట్టి అమ్మ వండినదంతా హాయిగా తినేవాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చెప్పే కబుర్లకి పట్టాలూ స్టేషన్లూ ఉండేవి కావు. ఒక వేసవిలో గుంతకల్లు దగ్గర ఎండకి పట్టాలు సాగిపోయి, రైలు దిగాల్సిన ఊరు దాటి నాలుగు మైళ్ళు అవతల ఆగిందని, ప్రయాణికులంతా పెట్టెలు మోసుకుంటూ వెనక్కి నడిచారని ఎంతో నమ్మకంగా చెప్పేవాడు.

నేను అప్పుడు నిజం అనేదానికి పెద్ద పోలీసుని. మా స్కూల్లో సైన్స్ టీచరు, ఎవరేం చెప్పినా ఆధారం అడగమని నేర్పింది. నేను ఆ చదువుని ఇంటికి తెచ్చి అందరి మీదా ప్రయోగించేదాన్ని.

"ప్రూఫ్ ఏది తాతయ్యా? మెటల్ అంత స్ట్రెచ్ అవదు. నేను బుక్‌లో చూశాను."

"మీ పుస్తకంలో రాసినాయన గుంతకల్లు వచ్చాడా?"

"రాలేదు. కానీ అది ట్రూ కాదు."

"రానివాడికేం తెలుసు!"

ఇలాగే ఒకరోజు ఆయన తన తాతగారి చేలో కాసిన గుమ్మడికాయ గురించి మొదలుపెట్టాడు. దాన్ని దొర్లించుకుంటూ సంతకి తీసుకెళ్తే దారిలో రెండు పెళ్ళివారు దాని నీడలో విడిది చేశారట. నేను ప్రశ్నలు వేసి వేసి, చేను ఎన్నెకరాలు, ఏ ఊళ్ళో, ఇప్పుడెవరిది అని ఊపిరాడకుండా చేశాను. చివరికి ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "ఒప్పుకుంటున్నానే తల్లీ. మా తాతగారు పోస్టుమాస్టరు. చేనూ లేదు, చెలకా లేదు. ఉన్నదల్లా నోరే. ఆ ఆస్తి నాకొచ్చింది." నేను పెద్ద కేసు గెలిచిన లాయరులా ఇల్లంతా తిరిగి ఆ సంగతి చాటాను.

ఇంతలో కోతలు మొదలయ్యాయి. మా ఇంటి వెనక గుమ్మానికి ఎదురుగా ఉన్న వరసని మాత్రం ఎవరూ కోయలేకపోయారు. కారణం నాన్నమ్మ మడి చీర. తడిపిన చీరని ఎవరి చెయ్యీ తగలని చోట ఆరేయాలి. బట్టలారేసే మెషీను ఆవిడ లెక్కలోకి రాదు, అందులో ఇంట్లో అందరి బట్టలూ కలుస్తాయని. ఇంటి నిండా మేము. అందుకని ద్రాక్ష తీగలు పాకే ఇనుప తీగ మీద చీర ఆరేసి, అది ఆరేదాకా పక్కనే కుర్చీ వేసుకుని, చేతిలో కర్రతో కూర్చునేది. కోతవాళ్ళు మెక్సికో వాళ్ళు. ఆవిడ తెలుగులో "అటు వెళ్ళండి నాయనా" అంటే వాళ్ళు టోపీ తీసి దణ్ణం పెట్టి అటే వెళ్ళిపోయేవారు. సర్దార్జీ అంకుల్ ఒకసారి వచ్చి చూశారు. కర్రని చూశారు, చీరని చూశారు. ఆ వరస వదిలేయమని వాళ్ళకి చెప్పి, నాన్నతో నవ్వుతూ, "డాక్టర్‌సాబ్, అది అమ్మగారి వరస. మీరే కోసుకోండి" అన్నారు. తోటంతా కోసి, ఎండబెట్టి, పెట్టెల్లో నింపి తీసుకుపోయే రోజులు వచ్చినా ఆ ఒక్క వరసా పచ్చగా గుత్తులతో వేలాడుతూనే ఉంది.

ఒక శనివారం అమ్మ కత్తి తీసుకుని ఆ వరసలోకి దిగింది. నాన్నమ్మ కుర్చీలోంచి కాసేపు చూసింది. తర్వాత కర్ర పక్కన పెట్టి, కొంగు బిగించి లేచింది. అమ్మ గుత్తి కోసి ఇవ్వడం, నాన్నమ్మ దాన్ని కాగితం మీద పరచడం. పళ్ళే కాబట్టి ఇబ్బంది లేదు. వెనకబడిన వరస కనుక అమ్మ సాయంత్రాలు క్లినిక్‌లో రిసెప్షన్ పని ముగించుకుని వచ్చి కోసేది. రెండు మూడు రోజులు ఇద్దరూ అలాగే పనిచేశారు. మాటల్లేవు. కానీ అమ్మ గుత్తి ఎటు పట్టుకుని ఇస్తే నాన్నమ్మకి వీలో, నాన్నమ్మ కాగితం ఎంత దూరంలో పరిస్తే అమ్మకి నడుము నొప్పి రాదో, అది వాళ్ళిద్దరి చేతులకీ తెలిసిపోయింది. మధ్యలో నా అవసరం రాలేదు. నేను చినతాతయ్య పక్కన కూర్చుని పళ్ళు తింటూ ఉండిపోయాను. ఆయన ఆ ఇద్దరినీ చాలాసేపు చూశాడు. అలా చూసినంతసేపూ ఒక్క కబురూ చెప్పలేదు. నాకు జ్వరమేమో అనిపించి నుదురు పట్టుకు చూశాను కూడా.

ఆ కాగితాలు పరిచాక రెండు వారాలకేమో, ఒక ఆదివారం పొద్దున్నే ఆకాశం బూడిదరంగులో లేచింది. సర్దార్జీ అంకుల్ ఫోన్ చేసి, సాయంత్రానికి వాన ఖాయం, కాగితాలు చుట్టేయమన్నారు. ఆరిన ద్రాక్షని కాగితంతో సహా చుట్టగా చుట్టి, రెండు కొసలూ కిందికి మడిస్తే వాన తట్టుకుంటుంది. మా దగ్గర కోతవాళ్ళెవరూ లేరు. అందరూ వేరే తోటల్లో పరుగులు పెడుతున్నారు. కాబట్టి మేమే దిగాం. నాన్న, అమ్మ, చినతాతయ్య, నేను. నాన్నమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చింది. నాన్న ఆపరేషన్ చేస్తున్నట్టు ఒక్కో కాగితాన్నీ పది నిమిషాలు మడిచేవాడు. నాన్నమ్మ చాప చుట్టినట్టు చుట్టి పారేసేది. చినతాతయ్య ఒకటి చుట్టి, రెండు తిని, నడుం పట్టుకుని ఆకాశంతో రాయబారం నడిపేవాడు.

మధ్యాహ్నం దాటింది. ఇంకా మూడో వంతు మిగిలే ఉంది. చేతులంతా పాకం, పాకం మీద మట్టి. ఇంట్లోకి వెళ్ళి వచ్చే తీరికలేదు. అమ్మ ఒక్కతే పరుగున వెళ్ళి, చేతులు కడుక్కుని, పప్పు, అన్నం, నెయ్యి, ఆవకాయ కలిపిన పెద్ద గిన్నె పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో నాన్నమ్మ కోసం ఎప్పటిలాగే వేరుగా అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. తీగల మధ్య నేలమీద కూర్చున్నాం. మా చేతులు పనికిరావు కనుక అమ్మే ముద్దలు చేసి నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. ముందు నాకు, తర్వాత చినతాతయ్యకి. నాన్నకి పెట్టబోతే ఆయన వాళ్ళమ్మ ముందు సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. అమ్మ వదలకుండా పెట్టింది.

నాన్నమ్మ అరటిపండు వంక చూసింది. తీసుకోలేదు. గిన్నె వంక చూసింది. మళ్ళీ తన చేతుల వంక చూసుకుంది.

అప్పుడు చినతాతయ్య ముద్ద మింగి, ఎవరితోనో అన్నట్టు, గాల్లోకి చూస్తూ అన్నాడు. "మన తాతగారు చెప్పేవారు, గుర్తుందా అక్కయ్యా? కోసిన పంట నేల మీద ఉండి, నెత్తి మీద మబ్బు ఉన్నప్పుడు, ఆ చేలో ఉన్నవాళ్ళందరిదీ ఒకటే విస్తరి. అప్పుడు మడీ లేదు, మైలా లేదు. అంతకుముందు ఎవరన్నా మాటలు అనుకున్నా అవి చేను గట్టు దాటి లోపలికి రావు. అలా అని పెద్దల కట్టడి."

నాన్న నమలడం ఆపేశాడు. అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

నేనున్నాను కదా, నిజానికి కాపలా.

"తాతయ్యా, అది ట్రూ కాదు! మీ తాతగారు పోస్టుమాస్టర్ అని నువ్వే చెప్పావ్. చేను లేదు అన్నావ్. మరి ఆయనకి ఎలా తెలుసు? ప్రూఫ్ ఏది?"

చినతాతయ్య ముఖంలోంచి రంగు దిగిపోయింది. ఎప్పుడూ మాట తడుముకోని మనిషి, నా వంక ఎంత జాలిగా చూశాడంటే, నేను ఏదో పగలగొట్టానని అర్థమైంది. ఏం పగిలిందో మాత్రం అర్థం కాలేదు. అమ్మ తల దించుకుని, ఆ ముద్దని మెల్లగా గిన్నెలోకి దించబోయింది.

నాన్నమ్మ గొంతు సవరించుకుంది.

"పోస్టుమాస్టరే" అంది నాతో, చాలా తాపీగా. "కానీ చేలున్న వాళ్ళకి ఉత్తరాలు ఇచ్చేవాడా, లేదా?"

"ఇచ్చేవాడేమో."

"ఉత్తరం ఇచ్చి ఊరికే వచ్చేస్తాడా? గట్టు మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడతాడు. వాళ్ళు చెప్పుంటారు. ఆయన మాకు చెప్పాడు." తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, అలాగే కదూ?"

"అలాగే అక్కయ్యా" అన్నాడు చినతాతయ్య.

అప్పుడు నాన్నమ్మ, మట్టి కొట్టుకుపోయిన తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, అమ్మ వైపు కొంచెం ముందుకు వంగింది. నన్ను మధ్యలో పెట్టకుండా, నేరుగా అంది. "ఏవమ్మాయ్. వాన వచ్చేస్తోంది. నాకు పెట్టవా?"

అమ్మ గబుక్కున ముద్ద ఎత్తింది. ముద్దలోంచి నాలుగు మెతుకులు నేలమీద రాలాయి. నాన్నమ్మ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది, చిన్నపిల్లలా. నమిలింది. చాలాసేపు నమిలింది. మేమంతా జడ్జీ తీర్పు కోసం చూస్తున్నట్టు చూస్తున్నాం.

"ఆవకాయలో ఆవపిండి తక్కువైంది" అంది చివరికి. "అదికాక, ఇది ముద్దా, గోలీయా? పెద్దది పెట్టు."

నాన్న లేచి, ఇంకా చుట్టాల్సినవి ఉన్నాయని గొణుగుతూ వరస చివరికి వెళ్ళిపోయాడు. అక్కడ చుట్టాల్సినవేమీ లేవు. అంతకుముందే ఆ చివర అయిపోయింది. నాకు ఆ సంగతి తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. ఎందుకో చెప్పలేదు.

వాన చీకటి పడ్డాక వచ్చింది. అంతకు చాలాముందే మా పని పూర్తయింది.

మర్నాడు నాన్నమ్మ నాకు తలకి నూనె రాస్తుంటే అడిగాను. లోపల అది ముల్లులా గుచ్చుతూనే ఉంది. "నిజంగా మీ తాతగారు అలా చెప్పారా?"

"చెప్పలేదు. మీ చినతాతయ్య పుట్టించాడు. వాడి మొహం చూస్తేనే నాకు తెలుసు. ఇప్పటినుంచా, వాడు పాకేటప్పటి నుంచి చూస్తున్నాను."

"మరి నువ్వు కూడా ఎందుకు..."

ఆవిడ చెయ్యి నా తల మీద ఆగింది. "మీ బడి బస్సు ఎక్కడానికి మెట్టు ఎత్తుగా ఉంటుంది కదూ? మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ ఒకావిడ ఎక్కాలనుకో. ఎవరో పరుగున వెళ్ళి పీట తెచ్చి వేశాడు. అప్పుడు నువ్వెళ్ళి, 'మామ్మగారూ, ఇది బస్సు మెట్టు కాదు, వంటింటి పీట' అని చెబుతావా?"

నేను ఆలోచించాను. "చెప్పను. పట్టుకుంటాను, కదలకుండా."

"మరదే" అంది. "తల కదపకు, జడ వంకర పోతోంది."

మీరు అనుకుంటారు, ఆ రోజు నుంచి నాన్నమ్మ ఇంట్లో అందరితో కలిసి తిన్నదని. తినలేదు. ఇంట్లో ఆవిడ మాట ఆవిడదే. బట్టలుతికే గదిలో పొయ్యి రోజూ వెలిగేది, అలారం రోజూ మోగేది. కానీ ఆ వంట రాత్రిపూటకే. మధ్యాహ్నం అయ్యేసరికి ఆవిడ వెనక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, "తీగలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసొస్తాను" అని బయలుదేరేది. భోజనానికి క్లినిక్ నుంచి ఇంటికొచ్చిన అమ్మ పది నిమిషాలాగి గిన్నె పట్టుకుని వెళ్ళేది. పంట ఎప్పుడో పెట్టెలకెక్కి పోయింది. నేల మీద ఒక్క కాగితం లేదు, నెత్తి మీద ఒక్క మబ్బు లేదు. అయినా ఆ కట్టడి ఎంత దూరం సాగాలో అంత దూరం సాగింది, గుంతకల్లు పట్టాల్లాగా. ఆకులు పసుపయ్యాయి, ఎర్రబడ్డాయి, రాలిపోయాయి. ఇద్దరూ మోడుల మధ్య ఒకే చాప మీద కూర్చుని తినేవారు. ఆవకాయలో ఆవపిండి సరిపోవడం మొదలైంది. ఒక శనివారం కిటికీలోంచి చూస్తే నాన్నమ్మే అమ్మకి ముద్ద పెడుతోంది, అమ్మ వద్దంటోంది, నాన్నమ్మ గదమాయిస్తోంది. నేను లెక్కల హోంవర్కు వదిలేసి ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

జనవరిలో వాళ్ళ తిరుగు ప్రయాణం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి నాలుగు గంటల దారి. మా లోయలో చలికాలం మంచు దిగితే ఎలా ఉంటుందంటే, కుక్క మొరిగితే మొరుగు దాని ముందే గడ్డకట్టి వేలాడుతుంది. నాన్న దీపాలు వేసుకుని నత్తలా నడుపుతున్నాడు. వెనక సీట్లో నాన్నమ్మకీ అమ్మకీ మధ్య నేను. అమ్మ ఒళ్ళో ఒక టిఫిన్ క్యారియర్. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. విమానాశ్రయంలో తీగలుండవు. కార్లోనూ ఉండవు. అమ్మ దాని మూత మీద వేలితో గీతలు గీస్తోంది. నాన్నమ్మ కిటికీలోంచి ఏమీ కనపడని బయటికి చూస్తోంది.

ఉన్నట్టుండి నాన్న కారుని రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. మా నాన్న, మందు చేదుగా ఉంటుందా అని చిన్నపిల్లలు అడిగినా చేదుగానే ఉంటుందని చెప్పే మనిషి. స్టీరింగు వదలకుండా, ఎటో చూస్తూ అన్నాడు.

"ఇంజిన్ వేడెక్కింది. కాసేపు ఆపాలి."

బయట గడ్డకట్టే చలి. ఇంజిన్ చక్కగా గుయ్యిమంటోంది. అద్దం తుడిచి చూశాను. మంచులో, రోడ్డు పక్కన, ఎవరిదో తోట. ఆకుల్లేని ద్రాక్ష మోడులు వరసగా నిలబడి ఉన్నాయి. నాన్న చెవులు ఎర్రగా అయిపోయాయి. పాపం, ఆయనకి అబద్ధం ఆడడం చేతకాదు. ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే కూలిపోయేలా ఉంది. ముందు సీట్లో చినతాతయ్య మెడ తిప్పి నా వంక చూశాడు.

"అవును నాన్నా" అన్నాను. "నాకు పొగ కనపడింది. చాలా పొగ. నల్లగా."

ఎవరి ముక్కు వాళ్ళకి కనపడని మంచు అది.

"నల్లగానా!" అన్నాడు చినతాతయ్య. "అమ్మో, అయితే గంట పడుతుంది. దిగండి, దిగండి."

నాన్నమ్మ నా బుగ్గ గట్టిగా గిల్లింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. తర్వాత తలుపు తీసుకుని దిగింది. రెండో వైపు నుంచి అమ్మ దిగింది. ఇద్దరూ శాలువాలు కప్పుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఎవరివో తెలియని ఆ తీగల మధ్యకి మంచులో నడిచి వెళ్ళారు. కొంచెం దూరం పోయాక కనపడలేదు. క్యారియర్ మూత తీసిన చప్పుడు, నాన్నమ్మ ఏదో అనడం, అమ్మ నవ్వడం మాత్రం వినపడ్డాయి. నాన్న ఇంజిన్ ఆపడం కూడా మరిచిపోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. పుట్టించి చెప్పడంలో చినతాతయ్యని మించిపోయానని మా ఇంట్లో అందరూ అంటారు. అవతలివాళ్ళు చెప్పేది నిజమా కాదా అన్నది మాత్రం నేను వెంటనే అడగను. ఎవరైనా పొంతన లేని మాట ఒకటి మొదలుపెడితే, గబగబా చుట్టూ చూస్తాను, దాని మీద కాలు మోపి ఎక్కాలని చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని. ఉంటే, పోయి రెండో పక్క పట్టుకుంటాను.